దిబ్బ మీద వాన

వానను గురించి చెడ్డమాట అంటే మావైపు పెద్దవాళ్ళు సహించరు. అగళిలో, నా చిన్నతనంలో, బడినుంచి తడిసి వచ్చి "పాడు వాన" అన్నందుకు మా జేజి వీపుమీద ఒకటి వేసింది. "సంగటి యాడినుంచి వస్తాదనుకుంటివిరా?" అన్నది. ఆమె కొట్టడం న్యాయమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన మాది. అదీ ఒక క్రమంలో పడదు. నెలల తరబడి మొగం చాటేసి, ఒక సాయంత్రం రెండు గంటల్లో కుమ్మరించి పోతుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని పిల్లలకు నేనే పాఠం చెప్పాను. స్వర్ణముఖి అనే ఏరు మా మండలం గుండానే పోతుంది. దాని ముఖంలో స్వర్ణం సంగతి అటుంచి, నీళ్ళు కనిపిస్తే ఊరు ఊరంతా చూడడానికి వెళ్ళిన రోజులు నాకు తెలుసు.

అటువంటి చోట పుట్టి, డెబ్బై దాటిన తరవాత, వానను గురించి ఒక చెడ్డమాట చెప్పబోతున్నాను. తప్పు వానది కాదనీ, దాని నెత్తిన మోపెత్తిన వాళ్ళదనీ నాకు తెలుసు. అయినా చెప్పేటప్పుడు వీపు కొంచెం జంకుతూనే వుంది.

మా పెద్దక్కను 1962లో రామగిరి దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. అగళినుంచి మడకశిర, పెనుకొండ దాటి పోవాలి. పొద్దున బయలుదేరితే దీపాల వేళకు చేరేవాళ్ళం. ఇప్పుడు రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోనే వున్నాయి; రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అప్పుడు ఆ కొండల కింద చెప్పుకోదగ్గది పాత బంగారు గని ఒక్కటే. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లీషు కంపెనీలు అక్కడ తవ్వకాలు సాగించి 1927 నాటికి మూసుకొని వెళ్ళిపోయాయి. గుంతలు మిగిలాయి, మొండిగోడలు మిగిలాయి, రాయిని నూరి బంగారం పిండుకోగా మిగిలిన పొడి దిబ్బగా మిగిలింది.

ఆ దిబ్బంటే నాకు మహా ఇష్టంగా వుండేది. లేత బూడిదరంగు పొడి, జల్లించిన పిండిలాగా మెత్తగా వుంటుంది. ఎర్రమట్టి, గుండ్రాళ్ళు తప్ప వేరే ఎరగని అగళి పిల్లవాడికి అదొక వింత. జారుడుబండ ఆడేవాళ్ళం. అక్క అత్తవారు కొత్తగా ఒక గది వేసుకుంటుంటే గోడలకు పూయడానికీ, అరుగు చదును చేయడానికీ ఆ దిబ్బమట్టే రెండు బండ్లు తోలారు. రెండో బండి వెనక కూర్చుని, పడిపోకుండా చేతులతో అదిమి పట్టుకొని వచ్చినవాణ్ణి నేను. అరుగు అద్దంలాగా వచ్చిందని అక్క మామగారు మెచ్చుకొని నాకు బెల్లంముక్క ఇచ్చారు. చేతులు కడుక్కున్నట్టు జ్ఞాపకం లేదు.

ఇక్కడొక లెక్క చెప్పాలి. మా అక్క మెళ్ళో తాళి, గుండ్లూ కలిసి రెండు కాసులు. అంటే పదహారు గ్రాములు. ఒక టన్ను రాయికి నాలుగు గ్రాముల బంగారం పడే గనినుంచి ఆ తాళి రావాలంటే నాలుగు టన్నుల రాయి పైకి తేవాలి, పిండి చేయాలి. పదహారు గ్రాములు పోను మిగిలినదంతా దిబ్బ. బంగారం ఎవరి మెళ్ళోకో పోతుంది. దిబ్బ మాత్రం తవ్విన చోటే వుంటుంది. గనిని గురించి మన చిన్నప్పటి పుస్తకాలు మొదటి సగమే చెప్పాయి.

ఆ పొడిలో ఏముందని అడగడం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. బి.ఎస్సీ. చదివి, పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి, పదవీ విరమణ కూడా అయిన తరవాత తట్టింది. సిగ్గుపడవలసిన విషయమే. బంగారం పలుగురాతిలో ఒంటరిగా వుండదు. గంధకంతో కలిసిన ఇనుము, రాగి, సీసం, జింకు దానికి చుట్టాలు. చాలా చోట్ల ఆర్సెనిక్ కూడా వుంటుంది. మన పాతవైద్యులు పాషాణమన్నది దీని సంతతినే. భూమి లోపల, గాలి తగలక, రాయిలో బిగుసుకొని వున్నంతకాలం ఇవి ఎవరి జోలికీ రావు. అదే రాయిని పిండి చేసి ఎండలో పోస్తే సంగతి వేరు. గాలీ తేమా తగిలి గంధకం ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం లోహాలను కరిగిస్తుంది. ఎండకు నీరు ఆవిరైపోయి, దిబ్బ ఒంటిమీద తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుతుంది. చిన్నప్పుడు మేము దాన్ని గోటితో గీకి బొమ్మలు వేసేవాళ్ళం.

ఎనిమిది నెలలు పేరిన ఆ ఉప్పు తొలివానకు కరుగుతుంది. కార్తెలన్నీ పడ్డాక వచ్చే వానకంటె మొదటి వానలో, ఆ మొదటి వానలోనూ మొదటి గంటలో, దిబ్బ నుంచి దిగే నీటిలో లోహాల పాలు ఎక్కువ. గనులున్న ప్రతి దేశంలోనూ శాస్త్రజ్ఞులు గమనించిన సంగతే ఇది. మనం తొలకరికి గంధం పూసి, ఎద్దులకు పసుపుకుంకుమలు పెట్టి ఎదురుకోలు చేస్తామే, సరిగ్గా ఆ నీరు. మా జేజి బతికివుంటే ఈ వాక్యం రాసినందుకు రెండోది కూడా వేసి వుండేది.

ఆ నీరు వంకలో పడుతుంది. వంక చెరువులో పడుతుంది. రాయలసీమ రైతుకు చెరువంటే నీళ్ళు మాత్రమే కాదు, మట్టి కూడా. చెరువు ఎండిన వేసవిలో పూడికమట్టి బండ్లకెత్తి చేలకు తోలుకోవడం మన తాతముత్తాతల వ్యవసాయంలో అన్నిటికంటె తెలివైన పని. వాన కొట్టుకుపోయిన సారాన్ని తిరిగి చేనికి చేర్చడమన్నమాట. ఎరువుల కొట్టువాడికి రూపాయి ఇవ్వనక్కరలేదు. నేను బడిలో దాన్ని మెచ్చుకుంటూ వ్యాసాలు రాయించాను. అయితే చెరువు పైన దిబ్బ వుంటే? నీటిలో కరిగి వచ్చిన లోహం చాలా భాగం బురదను పట్టుకొని అడుగున కూర్చుంటుంది. ఆ బురదనే రైతు డబ్బిచ్చి, చెమటోడ్చి, తన చేతులతో తన మళ్ళోకి తోలుకుంటాడు. వాన సగం దూరం మోసిన బరువును మిగతా సగం దూరం ఆయనే మోస్తాడు. ఇంతకంటె నిర్దాక్షిణ్యమైన దోపిడీని నేను ఊహించలేను. ఎందుకంటే ఇందులో దోచుకునేవాడు కంటికి కనిపించడు.

ఇదంతా పుస్తకం చదివి బెదిరినవాడి ఊహ అనేవారికి జపానులోని తొయామా చూపించాలి. అక్కడి కామియొకా గని కడిగిన నీరు జింజూ నదిలో కలిసేది. ఆ నది నీటితో వరి పండించేవారు. నదినుంచి మడికి, మడినుంచి గింజకు, గింజనుంచి ఎముకకు కాడ్మియం ఎక్కింది. ముఖ్యంగా పిల్లల్ని కన్న నడివయసు ఆడవాళ్ళ ఎముకలు మెత్తబడి, దగ్గితే విరిగేవి. జబ్బుకు వైద్యులు పేరు వెతుక్కుంటూండగా రోగుల కేకే దానికి పేరయింది: ఇతాయి-ఇతాయి, అంటే నొప్పి, నొప్పి అని. గని వల్లనేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. కోర్టులో కంపెనీ ఓడిపోయింది. పాడైన మళ్ళలో మట్టి మార్చడానికి దశాబ్దాలు పట్టింది. ఆ ఆడవాళ్ళ పనిలో మా అక్క పనికి భిన్నమైనది ఒక్కటి కూడా నాకు కనిపించదు. వాళ్ళూ మడిలో మోకాటిలోతు నిలబడి నాటు వేసినవాళ్ళే.

కోలారు నేను 2004లో చూశాను. రామగిరి గనిని ప్రభుత్వరంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్ళీ తెరిచినప్పుడు మా బావ అందులో కూలీగా చేరాడు. ఆయన దాయాది ఒకాయన కోలారు గనిలో జీవితమంతా గడిపాడు. 2001 ఫిబ్రవరి 28న కోలారులో గంట కొట్టి గని మూశారు. రామగిరిలో బావ పనీ ఆ ఏడాదితో సరి. మూడేళ్ళ తరవాత ఆ దాయాది ఇంట చావు కబురు వస్తే బావతో కలిసి వెళ్ళాను. తమిళమూ తెలుగూ కన్నడమూ ఒకే గుక్కలో మాట్లాడే ఊరు. సొరంగాలు మూడు కిలోమీటర్ల లోతుకు దిగాయి. 1880ల నుంచి సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన నేల. ఇళ్ళ వెనక దిబ్బలు కొండల్లాగా లేచివున్నాయి. పదమూడు దిబ్బలు, మూడు కోట్ల ముప్ఫై లక్షల టన్నులు. సైనైడ్ దిబ్బలంటారు. మా రామగిరి దిబ్బ వాటి ముందు చీమల పుట్ట.

ఆ పేరే జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది. సైనైడ్ అనగానే గుండె ఆగుతుంది గాని, ఎండలో గాలిలో అది కాలక్రమాన విరిగిపోతుంది. సీసం విరగదు. ఆర్సెనిక్ విరగదు. అవి మూలకాలు, వాటికి చావు లేదు. కాచినా పోవు, పైగా నీరు ఇగిరినకొద్దీ చిక్కబడతాయి. రుచి లేదు, వాసన లేదు. లీటరు నీటిలో 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశపు ప్రమాణం రెండింటికీ ఒకటే గీత గీసింది. పసిపిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైతే క్షేమమో ఏ వైద్యుడూ చెప్పలేడు. "ఏం భయం లేదప్పా, సైనైడ్ ఎప్పుడో పోయింది" అని ఆ ఇంటి చావిట్లో ఒక పెద్దమనిషి నన్ను ఊరడించాడు. పోయినదాన్ని చూపి వున్నదాన్ని మరిపించడం ఎంత సులువు!

అన్నట్టు ఆ దిబ్బలకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. వాటిలో టన్నుకు గ్రాముకు కాస్త అటూ ఇటూ బంగారం మిగిలివుందట. 2024 జూన్‌లో కర్నాటక మంత్రివర్గం వాటిని మళ్ళీ తవ్వడానికి సమ్మతించింది. గాలికి లేచిన పొడి పిల్లల గొంతుల్లో పడినన్నాళ్ళూ, వానకు కరిగి పొలాల మీదికి దిగినన్నాళ్ళూ అవి ఎవరివీ కావు. బంగారం వుందనగానే వాటికి యజమాని లేచాడు. తవ్వితే తవ్వనీండి, కానీ తవ్వేవాడు మిగిలినదాన్ని ఎక్కడ పోస్తాడో, దాని చుట్టూ కాలవ ఎవడు తీస్తాడో ముందే రాయించుకోవాలి.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా వుండదు. 1956లో మైసూరు ప్రభుత్వం కోలారు గనులను కంపెనీ చేతినుంచి తీసుకున్నప్పుడు అభ్యుదయవాదులు ఆనందించారు. ఆనందించవలసిందే. మన సాహిత్యం గనిలోకి దిగింది. కూలిన సొరంగం చూసింది, రాతిదుమ్ముకు పాడైన ఊపిరితిత్తులు చూసింది, సమ్మె చూసింది. కానీ గని గేటు దాటి బయటికి వచ్చి, పల్లం వైపు నాలుగడుగులు వేసిన కథ నేను చదివినంతలో లేదు. గని జాతీయమైంది, బంగారం జాతీయమైంది, దిబ్బ మాత్రం పక్కపల్లె వాళ్ళదిగానే వుండిపోయింది. అటు సీమ సాహిత్యం చూస్తే అందులో వాన రాకపోవడమే విషాదం. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' పుట్టిన నేల కదా, మరో విధంగా ఎలా వుంటుంది? ఎండిన గొంతువాడు నీటిని అనుమానించడు. వచ్చిన వానను "నీ చేతిలో ఏముంది?" అని అడగడానికి మనకెవరికీ మనసొప్పలేదు. నాకూ ఒప్పలేదు.

ఒప్పుకున్న తరవాత చేసిన పని కూడా చెబుతాను. ఆరేళ్ళ కింద ఒక తొలివానకు అక్క ఊళ్ళోనే వున్నాను. దిబ్బ కింది వంకలో నీళ్ళు పట్టి, మూత బిగించి, నీటి పరీక్ష చేసే ఒక ఆఫీసుకు తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు.

"బోరు నీళ్ళా సార్, బావి నీళ్ళా?"

"వంక నీళ్ళు నాయనా. వాన పడుతుంటే పట్టినవి."

"వంక నీళ్ళు ఎవరు తాగుతారు సార్? ఫారంలో ఆ గడి లేదు."

"గొర్రెలు తాగుతాయి. చెరువు తాగుతుంది. చేను తాగుతుంది."

అతడు నవ్వి, బావి అని రాసుకున్నాడు. ఫ్లోరైడు, ఉప్పు, సున్నం చూసి పెడతానన్నాడు. లోహాలు చూడాలంటే వేరే యంత్రం కావాలట, దానికి పైనుంచి రాయించుకు రావాలట. పైన అంటే ఎవరని అడిగాను. "పైన అంటే పైనే సార్" అన్నాడు. పదిరోజులకు కాగితం వచ్చింది. ఫ్లోరైడు పరిమితిలోనే వుందని రాసివుంది. మా జిల్లాలో ఫ్లోరైడు లేని నీరంటే పండగే గనక, అక్క కొడుకు ఆ కాగితాన్ని చూసి ఎంతో సంతోషించాడు. వానకు పారిన నీటిలో ఫ్లోరైడు ఎందుకుంటుంది? అది బండరాళ్ళ మధ్య ఏళ్ళతరబడి నానిన లోతుబోరు నీటి జబ్బు. రోగం కాలికైతే చెవి చూసి బాగుందన్నట్టుంది.

ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. అడగవలసిన ప్రశ్న అతడి ఫారంలో లేదు. ఫారం రాసినవాడికి నీరంటే కుళాయి నీరో బోరు నీరో. నమూనా పట్టే రోజంటే ఆఫీసు తెరిచివున్న రోజు. దిబ్బమీద వాన ఆదివారం రాత్రి రెండింటికి పడుతుంది. రెండు గంటలు పారుతుంది. సోమవారం పది గంటలకు వంకలో తడి ఇసుక తప్ప ఏమీ వుండదు. మళ్ళీ సంక్రాంతి దాటాక వచ్చి పక్కవూరి బోరు నీళ్ళు పట్టుకుపోతే అందులో ఏం దొరుకుతుంది? దొంగ పోయిన తరవాత ఆరునెలలకు, వేరే ఇంట్లో వెతికినట్టు.

చేయవలసిన పనులు అంత అసాధ్యమైనవేమీ కావు. దిబ్బమీద ఎర్రమట్టి రెండడుగుల మందాన కప్పి గడ్డి పెంచితే వాన లోపలికి దిగడం తగ్గుతుంది. దిబ్బ మొదట్లో చుట్టూ కాలవ తీసి, నీటిని ఒక గుంతలో నిలవేసి, సున్నం కలిపితే లోహం చాలావరకు అక్కడే కూర్చుంటుంది. ఇవన్నీ ఉపాధిహామీ కూలీలు చేయగలిగిన పనులే. ఎవరి డబ్బుతో అన్నదే ప్రశ్న. గని మూసేవాడు ముందుగానే మూసివేత పథకం ఇచ్చి, దానికి హామీసొమ్ము కట్టాలని కేంద్రప్రభుత్వం నిబంధనలు సవరించింది 2003లో. కోలారు, రామగిరి గనులు మూతపడింది 2001లో. ఇంగ్లీషు కంపెనీ పోయింది 1927లో. ఎవరూ చట్టాన్ని ఉల్లంఘించలేదు, చూడండి. అందరూ చట్టానికి ముందే వెళ్ళిపోయారు.

పోయిన మే నెలాఖరున మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమెకు ఎనభై దాటాయి. బావ పోయి తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం వేడిగాలి కొట్టి, చీకటిపడేసరికి ఉరుములతో పట్టుకుంది. గొడుగు వేసుకొని, రెండు బాటిళ్ళు తీసుకొని వంకకు దిగాను. వచ్చేసరికి అక్క వసారాలో, పాత అరుగుమీద కూర్చుని వుంది. నేను బండిలో తోలిన మట్టితో చదును చేసిన అరుగే అది. తరవాత పైన నాపరాయి పరిచారు.

"ఏమిరా, తొలివానను కూడా పరీక్షకు పంపిస్తావా?" అన్నది.

అన్నీ చెప్పాను. ఇంతకుముందు కూడా చెప్పానుగాని ఆరోజు చెరువుమట్టి సంగతి కూడా చెప్పాను. చెరువులో ఇంకా నీళ్ళు చేరలేదు. ఆమె కొడుకు నాలుగు ట్రాక్టర్ల పూడికమట్టికి డబ్బు కట్టివున్నాడు. సోమవారం తోలుతారట. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మెళ్ళో తాళి ఒకప్పటి అలవాటుగా తడుముకోబోయి, లేదని జ్ఞాపకం వచ్చి చెయ్యి దించుకుంది.

"అయితే ఆ మట్టిలో విషం ఉండాదంటావా?"

"ఉందని అనలేనక్కా. చూసినవాళ్ళు లేరు."

"చూడకుండా నువ్వెట్ల చెప్తావు, నేనెట్ల వింటాను? మట్టి లేకుంటే చేను పండదు. ఎరువు మూట ఎంతో నీకు ఎరికేనా?"

నిజమే. నేను జవాబు చెప్పలేదు. చూరు కింద పెట్టిన ఇత్తడి బిందె నిండి పొర్లుతూ వుంటే లేచి పక్కకు తీసి ఇంకొకటి పెట్టాను. పొద్దున లేచేసరికి ఆమె కొడుకుతో మాట్లాడుతున్నది. నాలుగు ట్రాక్టర్లలో రెండు ఆపమంది. మిగతా రెండూ వేరుశనగ చేనికి తోలించమని, ఇంట్లో తినే వడ్ల మడికి మాత్రం వద్దని చెప్పింది. ఆపిన రెంటి డబ్బు ట్రాక్టరువాడు తిరిగి ఇస్తాడో ఇవ్వడో అని కొడుకు గొణిగాడు.

బాటిళ్ళు రెండూ ఇప్పుడు అగళిలో నా బల్లమీద వున్నాయి. తేదీ, వేళ రాసి అంటించాను. లోహాలు చూసే యంత్రం వున్నచోటికి ఒక పాత శిష్యుడు పట్టుకుపోతానన్నాడు. నీరు పైన తేటపడింది. అడుగున వేలెడు మందాన లేత బూడిదరంగు బురద కూర్చుంది.